ఆడవాళ్ల ఆటల్ని కాపాడతారంట! ఎవర్నుంచి?

అమెరికాలో ప్రెసిడెంటు ఎలక్షన్లయితే మనకేంటి? మన పల్లెలో చేతిపంపు పాడైతే బాగుచేసే నాథుడు లేడు, వాషింగ్టన్‌లో ఎవుడు గద్దెనెక్కితే మనకేం ఒరుగుద్ది? ఇట్లా అడిగే అన్నలూ అక్కలూ ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే అది. జవాబు కూడా తిప్పకుండా చెప్పుకుందాం.

ఆట మైదానంలో జరుగుద్ది. మైదానం గేటు తాళంచెవి మాత్రం ఆడేవాళ్ల దగ్గర ఉండదు. అది గద్దె మీద కూర్చున్నోడి బొడ్లో ఉంటది. ఆడపిల్ల మైదానంలోకి రావచ్చా రాకూడదా? వస్తే బూట్లకీ బస్సుకీ డబ్బెవరిస్తారు? పరాయిదేశంలో ఆడ్డానికి పోతే వీసా ఎవరిస్తారు? అన్నిటికంటే ముందు ఆమె ‘ఆడదే’ అని సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఇవన్నీ ఆటకు బయట తేలే సంగతులు. ఆటల్లో డబ్బూ పతకాలూ బలగమూ ఉన్న పెద్ద దేశం అమెరికా. అక్కడ గద్దె మారితే తాళంచెవి చేతులు మారుద్ది. ఆ దెబ్బ అక్కడ ఓటు లేని ఆఫ్రికా, ఆసియా ఆడపిల్లల వీపు మీద కూడా పడుద్ది.

2024 నవంబర్ 5న జరిగిన ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్ గెలిచాడు. జమైకా తండ్రికీ తమిళ తల్లికీ పుట్టిన కమలా హారిస్ ఓడిపోయింది. ఆ ప్రచారంలో ట్రంప్ ఊరూరా తిప్పిన నినాదాల్లో ఒకటి ‘ఆడవాళ్ల ఆటల్ని కాపాడతాం’ అని. వినడానికి కమ్మగానే ఉంది. కాపాడతానంటే వద్దనేదెవరు? కానీ తరతరాల అనుభవం మనకొక పాఠం నేర్పింది. పైనున్నోడు ‘నిన్ను కాపాడతా’ అన్నప్పుడు, ‘ఎవర్నుంచి బాబూ?’ అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న చేతపట్టుకుని కాస్త వెనక్కి పోయి చూద్దాం.

దయ కాదు, చట్టం

అమెరికా ఆడపిల్లలు ఆటల్లో ముందున్నారంటే వాళ్ల తిండి బలం అనుకుంటారు చాలామంది. తిండొక్కటే అయితే లెక్క కుదరదు. 1971–72లో ఆ దేశం మొత్తమ్మీద హైస్కూలు ఆటల్లో ఉన్న మగపిల్లలు 36 లక్షల పైచిలుకు. ఆడపిల్లలు 3 లక్షల లోపు. అప్పుడూ అదే తిండి, అదే నేల, అదే గాలి. లేనిదల్లా హక్కు.

1972 జూన్ 23న ఒక చట్టం మీద సంతకం పడింది. దాన్ని టైటిల్ నైన్ అంటారు. అసలు సంగతి ఇంగ్లీషులో 37 మాటలు. సర్కారు డబ్బు తీసుకునే ఏ చదువుల సంస్థ అయినా ఆడ–మగ తేడా చూపించి ఎవర్నీ బయట నిలబెట్టకూడదు. అంతే. అందులో ఆట అనే మాటే లేదు. ఆ మాట లేని చట్టమే మైదానం గేటు తెరిచింది. ఇవాళ అక్కడ హైస్కూలు ఆటల్లో ఉన్న ఆడపిల్లలు 34 లక్షల పైనే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికాకి వచ్చిన 126 పతకాల్లో సగానికంటే ఎక్కువ ఆడవాళ్లు తెచ్చినవే.

ఈ చట్టం ఏ కడుపున పుట్టింది? నల్లజాతివాళ్ల పోరాటం కడుపున పుట్టింది. 1964 పౌరహక్కుల చట్టం ఆరో భాగంలో, సర్కారు డబ్బు తీసుకునే చోట జాతి పేరుతో, రంగు పేరుతో వివక్ష కూడదని రాసుకున్నారు. అదే అచ్చులో ఆడ–మగ అని పోసి టైటిల్ నైన్ తీశారు. దానికోసం నిలబడ్డవాళ్లలో పాట్సీ మింక్ ఒకామె. జపాన్ నుంచి వలసొచ్చిన కుటుంబాల బిడ్డ. అమెరికా పార్లమెంటుకు ఎన్నికైన తెల్లజాతేతర మహిళల్లో మొదటామె. అంటే నల్లవాళ్లు వీధుల్లో లాఠీదెబ్బలు తిని, కుక్కల చేత కరిపించుకుని సంపాదించిన చట్టం అచ్చులోనే తెల్లింటి ఆడపిల్లలకు కూడా దారి దొరికింది. అణగారినోళ్లు తెరిచిన తలుపులోంచి ఊరంతా నడుస్తది. తెరిచినోళ్ల పేరు మాత్రం ఊరు మరిచిపోద్ది.

ఒకడు సంతకం పెడితే ఇంకొకడు చెరిపాడు

చట్టం వచ్చింది కదా, ఇంక భయమేముంది అనుకుంటే మనం చట్టాల సంగతి తెలియనివాళ్ల కిందే లెక్క. టైటిల్ నైన్ మీద సంతకం పెట్టిన నిక్సన్ రిపబ్లికన్ పార్టీవాడు. ఆ పార్టీవాడే రీగన్. 1980 ఎన్నికల్లో రీగన్ గద్దెనెక్కాడు. ఆయన సర్కారు సుప్రీంకోర్టులో ఏం వాదించింది? కాలేజీలో ఏ విభాగానికి సర్కారు డబ్బొస్తే ఆ విభాగానికే చట్టం వర్తిస్తది, కాలేజీ మొత్తానికి కాదు అని. 1984లో గ్రోవ్ సిటీ కాలేజీ కేసులో కోర్టు ఆ వాదనకే తలూపింది. ఆటల విభాగానికి నేరుగా సర్కారు డబ్బు రాదు. కాబట్టి ఆటల్లో చట్టం లేనట్టే!

నాలుగేళ్లు ఆడపిల్లల ఫిర్యాదులు ఇట్లా గాలికి పోయినయి. 1988లో అక్కడి పార్లమెంటు ‘చట్టం కాలేజీ మొత్తానికి వర్తిస్తది’ అని కొత్త చట్టం చేసింది. రీగన్ దాన్ని వీటో చేశాడు. మార్చి 22న పార్లమెంటు మూడింట రెండొంతుల ఓట్లతో ఆ వీటోని తోసేసింది. చూశారా, చట్టంలో అక్షరం మారకుండానే నాలుగేళ్లు అది పడకేసింది. గద్దె మీద ఎవరున్నారో, కోర్టులో ఆ గద్దె ఏం మాట్లాడిందో దాన్నిబట్టి హక్కు బతుకుద్ది, లేదా చస్తది. అట్రాసిటీ చట్టం పుస్తకంలో ఉండీ స్టేషన్లో కేసు రాయించుకోలేని మనకి ఇది విడమరిచి చెప్పాలా?

రెండో పార్టీవాళ్లేమీ తక్కువ తినలేదు

రిపబ్లికన్లు చెడ్డోళ్లు, డెమోక్రాట్లు మంచోళ్లు అని ఎవరన్నా అంటే వాళ్లకి 1980 మాస్కో ఒలింపిక్స్ సంగతి చెప్పండి. 1979 డిసెంబర్లో రష్యా సైన్యం ఆఫ్ఘనిస్తాన్లో దిగింది. 1980 అమెరికాలో ఎన్నికల సంవత్సరం. గద్దె మీదున్న కార్టర్, డెమోక్రాట్. తన సత్తా చూపించుకోవాలి. మాస్కో ఆటల్ని బహిష్కరిస్తున్నామన్నాడు. చాలా దేశాలు ఆయన వెంట నడిచినయి.

ఆ ఒలింపిక్స్‌లోనే మొట్టమొదటిసారి ఆడవాళ్ల హాకీ పెట్టారు. ఏళ్లతరబడి ఎదురుచూసిన ఆటగత్తెలు, తీరా గేటు తెరిచే రోజుకి ఇంటిదగ్గర కూర్చున్నారు. ఖాళీలు నింపడానికి ఆఖరు నిమిషంలో కొన్ని దేశాల్ని పిలిచారు. అట్లా పిలిస్తే పోయిన జింబాబ్వే జట్టే బంగారు పతకం గెలిచింది. జింబాబ్వే అప్పటికి కొన్ని నెలల క్రితమే తెల్లదొరల పాలన వదిలించుకున్న నల్లవాళ్ల దేశం. కానీ జట్టులో ఒక్క నల్లపిల్ల లేదు. అందరూ తెల్లవాళ్లే! హాకీ కర్రలూ పచ్చిక మైదానాలూ అప్పటిదాకా ఎవరి చేతుల్లో ఉన్నాయో ఆ జట్టును చూస్తేనే తెలుస్తది. మన దేశపు ఆడవాళ్ల హాకీ జట్టు ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది కూడా అప్పుడే. నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక అమెరికా ఆటగత్తెల సంగతి. అనితా డిఫ్రాంట్జ్ నల్లజాతి యువతి, పడవ పందేల్లో 1976లో కంచు పతకం గెలిచినామె. మా బదులు నిర్ణయం చేయడానికి మీరెవరని ఇంకొందరు ఆటగాళ్లతో కలిసి ఆమె కోర్టుకెక్కింది. కేసు ఓడిపోయింది. మాస్కోకి పోలేదు. కార్టర్ కూడా ఆ నవంబర్లో ఓడిపోయాడు. రష్యా సైన్యం ఆఫ్ఘనిస్తాన్ వదిలిపెట్టింది 1989లో. బహిష్కరణకు యుద్ధం ఆగలేదు, గద్దె నిలవలేదు. పోయిందల్లా ఆడేవాళ్ల వయసు. అయినా అనిత ఇంట్లో కూర్చోలేదు. 1986లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యురాలైంది. తనను గేటు బయట నిలబెట్టినోళ్ల సరసన పోయి కూర్చుంది.

ఓనరమ్మకు బుద్ధిచెప్పిన అట్లాంటా పిల్లలు

గద్దె ఆటను ముట్టుకోవడమే కాదు, ఆట కూడా గద్దెను ముట్టుకున్న రోజులున్నాయి. ఇది మన సంఘం కార్యకర్తలు శ్రద్ధగా చదవాల్సిన కథ.

2020లో అమెరికా ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ లీగులో ఆడేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. ఆ మార్చి 13న లూయీవిల్‌లో బ్రియోనా టేలర్ అనే నల్లజాతి యువతిని పోలీసులు ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. ఆటగత్తెలు ఆ ఏడాది ఆటల్ని ఆమె పేరిట అంకితం చేశారు. అట్లాంటా జట్టు ఓనర్లలో ఒకామె కెల్లీ లోఫ్లర్. కోటీశ్వరురాలు, జార్జియా రాష్ట్రం సెనేటర్, ట్రంప్ మనిషి. నల్లవాళ్ల ప్రాణాలకూ విలువుందనే నినాదం ఆటల్లో వద్దని ఆమె లీగు పెద్దలకి ఉత్తరం రాసింది. తన జట్టులో చెమటోడ్చేది నల్లపిల్లలు, తనకి వద్దనిపించేది నల్లవాళ్ల నినాదం!

ఆటగత్తెలు ముందు ఆమెను తీసెయ్యమన్నారు. తర్వాత ఆలోచించారు. మనం ఆమె పేరెత్తి తిట్టేకొద్దీ ఆమెకే ప్రచారం అని గ్రహించారు. పేరెత్తడం మానేశారు. ఎన్నికల్లో ఆమె మీద పోటీచేస్తున్నది ఎవరో వాకబు చేశారు. మార్టిన్ లూథర్ కింగ్ పనిచేసిన చర్చిలో పాస్టరు, రఫాయెల్ వార్నాక్. ఆయనతో మాట్లాడారు, ప్రశ్నలడిగారు, నమ్మకం కుదిరాక ఆగస్టు 4న ‘వార్నాక్‌కు ఓటెయ్యండి’ అని రాసిన టీషర్టులు తొడుక్కుని వచ్చారు. 2021 జనవరి 5న వార్నాక్ గెలిచాడు, జార్జియా నుంచి సెనేట్‌కు పోయిన మొదటి నల్లజాతి మనిషి. అదే రోజు అదే రాష్ట్రంలో రెండో సీటు కూడా డెమోక్రాట్లకు రావడంతో సెనేట్ 50–50 అయింది. కొత్త ప్రెసిడెంటు బైడెన్ పాలన ఆ రెండు సీట్ల మీదే నిలబడింది. ఫిబ్రవరిలో లోఫ్లర్ జట్టును అమ్ముకుంది. కొత్త ఓనర్లలో ఒకామె రెనే మాంట్‌గోమరీ. అదే జట్టులో ఆడిన నల్లజాతి ఆటగత్తె.

ఈ కథలో మెలిక ఒకటుంది. నల్లవాళ్ల నినాదం వద్దన్న ఇదే లోఫ్లర్, అదే 2020 సెప్టెంబర్లో సెనేట్‌లో ఒక బిల్లు పెట్టింది. దాని పేరేంటో తెలుసా? ‘ఆటల్లో స్త్రీలనూ బాలికలనూ కాపాడే చట్టం’! తన జట్టు ఆడవాళ్ల మాట వినలేని మనిషి ఆడవాళ్లను కాపాడతానంటూ బయల్దేరింది. 2025లో ట్రంప్ ఆమెను పిలిచి చిన్న వ్యాపారాల సంస్థకు అధిపతిని చేశాడు. ఒక ఎన్నికలో ఓడించినంతమాత్రాన దొరసానులు ఎక్కడికీ పోరు. ఇంకో వాకిట్లోంచి లోపలికొస్తారు.

వారం రోజుల్లో బయటపడ్డ రంగు

ఇప్పుడు 2025కి వద్దాం. ఫిబ్రవరి 5న ట్రంప్ చుట్టూ ఆడపిల్లల్ని నిలబెట్టుకుని ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. మగబిడ్డగా పుట్టి తర్వాత ఆడమనిషిగా బతుకుతున్న ట్రాన్స్‌జెండర్లను ఆడవాళ్ల ఆటల్లో ఆడనిచ్చే సంస్థలకు సర్కారు డబ్బు ఆపుతామన్నాడు. దీన్ని ఎంతమంది కోసం తెచ్చారు? 2024 డిసెంబర్లో కాలేజీ ఆటల సంఘం అధ్యక్షుడు చార్లీ బేకర్ సెనేట్‌లో చెప్పిన లెక్క ఇది: మొత్తం ఆటగాళ్లు 5 లక్షల 10 వేలు, అందులో తనకు తెలిసి ట్రాన్స్‌జెండర్లు పదిమందికి లోపు!

పోటీ సమానంగా ఉండాలనడం తప్పు కాదు. మగ యవ్వనంలో పెరిగిన ఒళ్లుకు బలం ఎక్కువుంటే ఏం చెయ్యాలి, ఏ ఆటకు ఏ నిబంధన పెట్టాలి అనేది నిజమైన ప్రశ్నే. ఓడిపోతానేమోనని భయపడే ఆడపిల్ల భయం నిజమే. దాన్ని ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు. ఆటల సంఘాలు, డాక్టర్లు, ఆడేవాళ్లు కూర్చుని తేల్చుకోవాల్సిన పని అది. పదిమంది లేని దాన్ని దేశానికి ప్రమాదమని ఊదరగొట్టి ఓట్లు దండుకోవడం వేరే పని.

అసలు రంగు వారంలోనే బయటపడింది. కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచే పద్ధతి వస్తున్న రోజులవి. ఆ డబ్బులో కూడా ఆడవాళ్లకు టైటిల్ నైన్ ప్రకారం న్యాయమైన వాటా ఉండాలని 2025 జనవరి 16న బైడెన్ సర్కారు విద్యాశాఖ ఒక కాగితం విడుదల చేసింది. నాలుగేళ్లు గద్దె మీదుండి, దిగిపోయే నాలుగు రోజుల ముందు గుర్తొచ్చింది వాళ్లకి! ఆ కాగితాన్ని ట్రంప్ సర్కారు ఫిబ్రవరి 12న రద్దుచేసింది. ఫిబ్రవరి 5న ‘ఆడవాళ్లను కాపాడతాం’. ఫిబ్రవరి 12న ‘ఆడవాళ్లకు వాటా ఉండాలన్న కాగితం చెల్లదు’. మధ్యలో ఏడు రోజులు.

ఆ జూన్‌లో కోర్టు ఒప్పందం కుదిరి, ఒక్కో పెద్ద కాలేజీ ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచుకోవచ్చని తేలింది. అందులో పెద్ద ముక్క మగవాళ్ల ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పోతోంది. దీనిమీద ఆడపిల్ల ఫిర్యాదు చెయ్యాలంటే ఎక్కడికి పోవాలి? విద్యాశాఖ పౌరహక్కుల ఆఫీసుకి. 2025 మార్చిలో ఆ శాఖ సిబ్బందిని సగానికి కోసి, ఆ ఆఫీసు 12 ప్రాంతీయ శాఖల్లో ఏడింటికి తాళం వేశారు. ఇప్పుడు చెప్పండి, ఆడవాళ్ల ఆటను దోచింది పదిమంది లేని ట్రాన్స్‌జెండర్లా, వాటా కాగితం చింపినోళ్లా?

అనుమానం ఎప్పుడూ ఎవరి ఒంటి మీద?

‘నిజమైన ఆడది’ ఎవరో తేలుస్తామనే జబ్బు అమెరికాతో పుట్టలేదు. ఒలింపిక్స్‌లో ఏళ్లతరబడి ఆడవాళ్లకు పరీక్షలు పెట్టారు. 1985లో స్పెయిన్ పరుగుల రాణి మరియా మార్టినెజ్ పాటీన్యో పరీక్షలో ‘తప్పింది’. ఆమె స్కాలర్‌షిప్పూ, రికార్డులూ పోయినయి. మళ్లీ పరిగెత్తనివ్వడానికి మూడేళ్లు పట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మూడువేల పైచిలుకు ఆడవాళ్లను పరీక్షిస్తే 8 మంది పట్టుబడ్డారు. విచారించి ఆ 8 మందినీ ఆడనిచ్చారు. ఇంత గొడవ ఎందుకని 1999లో ఒలింపిక్ కమిటీ ఆ పరీక్షలు మానేసింది.

అందరికీ పెట్టే పరీక్ష పోయాక, అనుమానం ఉన్నోళ్లకే పరీక్ష అన్నారు. ఆ అనుమానం ఎవరి మీద పడింది? 2006 డిసెంబర్లో దోహా ఆసియా ఆటల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచిన శాంతి సౌందరరాజన్ మీద పడింది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ఇటుకబట్టీ కూలీల ఇంట పుట్టిన దళిత బిడ్డ. ఆమెను ఆడది కాదన్నారు, పతకం గుంజుకున్నారు, దేశమంతా టీవీల్లో ఊరేగించారు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఇటుకబట్టీలో పనికి పోవాల్సొచ్చింది. 2009లో దక్షిణాఫ్రికా నల్లపిల్ల కాస్టర్ సెమెన్యా మీద పడింది. 2014లో ఒడిషా చేనేత కుటుంబం బిడ్డ ద్యుతీ చంద్ మీద పడింది. ద్యుతీ తలొంచలేదు. ఆటల కోర్టుకెక్కి 2015లో ఆ నిబంధనను ఆపించింది. సెమెన్యా యూరప్ మానవహక్కుల కోర్టు దాకా పోయింది. ఆమెకు న్యాయమైన విచారణ దొరకలేదని 2025 జులైలో ఆ కోర్టు తేల్చింది.

ఈ పాత జబ్బుకి 2024 ఎన్నికలు కొత్త బలమిచ్చినయి. పారిస్‌లో అల్జీరియా బాక్సర్ ఇమాన్ ఖెలీఫ్ ఆగస్టు 1న 46 సెకన్లలో ఒక బౌట్ గెలిచింది. ఆమె ఆడబిడ్డగా పుట్టి పెరిగిందనీ, పాస్‌పోర్టు కూడా అదే చెప్తోందనీ ఒలింపిక్ కమిటీ మొత్తుకున్నా ట్రంప్ ఆమెను మగాడే అని ప్రచారంలో వాడుకున్నాడు. ఉత్తర్వు మీద సంతకం పెట్టేరోజు కూడా ఆమె సంగతే జనం ముందు ఎత్తాడు. 2025 సెప్టెంబర్ 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ఆడవాళ్లందరికీ జన్యుపరీక్ష తప్పనిసరి చేసింది. అంటే 1999లో వదిలేసిన దారినే మళ్లీ పట్టారు. పరీక్ష అందరికీ ఒకటే కావచ్చు. కానీ పరీక్ష ఫలితం వచ్చాక లాయర్ను పెట్టుకునే తాహతు, డాక్టర్ను నిలదీసే చదువు, పేపర్ల నోరు మూయించే పలుకుబడి ఎవరికుంటాయి? ఇటుకబట్టీ బిడ్డకు ఉంటాయా?

వీసా సంగతి కూడా చూడండి. 2025 జూన్‌లో సెనెగల్ ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు ఆఫ్రికా పోటీల తయారీ కోసం అమెరికా పోదామనుకుంది. అయిదుగురు ఆటగత్తెలకీ, కొందరు సిబ్బందికీ వీసా ఇవ్వలేదు. సెనెగల్ ప్రధాని ఆ ప్రయాణమే రద్దుచేసి, మన ఊళ్లోనే తయారవుదాం అన్నాడు. ఆ పిల్లలెవరూ ట్రంప్‌కి ఓటెయ్యలేదు, వ్యతిరేకంగానూ వెయ్యలేదు. అయినా ఎన్నిక ఫలితం వాళ్ల బాస్కెట్‌బాల్ కోర్టు దాకా వచ్చింది.

2028 జులైలో ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లో జరగాలి. అదే ఏడాది నవంబర్లో అమెరికా మళ్లీ ప్రెసిడెంటును ఎన్నుకోవాలి. ఆటలకీ ఓట్లకీ మధ్య నాలుగు నెలలు లేవు. అప్పుడు కూడా ఏ పేదదేశం పిల్ల గెలుపునో పట్టుకుని ఓట్ల సంతలో వేలం వెయ్యరని నమ్మకమేముంది?

అందుకే అన్నలారా, అక్కలారా, ‘కాపాడతాం’ అన్నోడు అమెరికాలో ఉన్నా, మన మండలంలో ఉన్నా మూడు ప్రశ్నలు అడగండి. కాపాడమని అడిగిందెవరు? కాపాడే పేరుతో మీరు తడిమి చూస్తున్నది ఎవరి ఒళ్లు? అది తడుముతున్న సమయంలో డబ్బు మూట ఎవరింటికి పోతోంది? ఈ మూడిటికీ సూటిగా జవాబు చెప్పలేనోడు కాపలాదారు కాదు, దొంగకు గేటు తీసినోడు. తాళంచెవి వాడి బొడ్లో ఉన్నంతకాలం మైదానం మనది కాదు. అట్లాంటా పిల్లలు చేసినట్టు, పేరెత్తి తిట్టుకుంటూ కూర్చోకుండా, ఎవరి ఓటు ఎక్కడుందో లెక్కేసి ఆ తాళంచెవిని గుంజుకోవాలి.